కారు చక్రములోని మూలుగు

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని సామెత. ఎద్దుబండి తోలువాడు ఇరుసు కిర్రుమనిన వెంటనే బండి నిలిపి, ఆముదములో మసి కలిపిన కందెనను పూయుట పల్లెటూళ్ళలో పెద్దలెరిగిన దృశ్యమే. మోటారు కారు చక్రమును కూడ ఇట్టి సంగీతమును వినిపించును. కాని అది కిర్రుమని అరువదు. తుమ్మెద ఝంకారము వలె సన్నగా మొదలై, వారములు గడచిన కొలది మూలుగుగా, పిదప గరగరగా మారును. ఈ ధ్వనిని అలక్ష్యము చేసినచో చక్రము బిగిసిపోవుటయో, ఇరుసు నుండి ఊడిపోవుటయో సంభవింపవచ్చును. కావున ఆ ధ్వని ఎచ్చట పుట్టుచున్నదో, దానిని ఎట్లు మాన్పవలెనో తెలిసికొనుట అవసరము.

జారుట, దొర్లుట

బల్లపై బరువైన పుస్తకము నుంచి వ్రేలితో నెట్టి చూడవలెను. పిదప దాని క్రింద నాలుగు గుండ్రని పెన్సిళ్ళను పెట్టి మరల నెట్టవలెను. రెండవసారి ఎంత తక్కువ బలము చాలునో విద్యార్థికి వెంటనే తెలియును. జారు ఘర్షణకు, దొర్లు ఘర్షణకు గల భేద మిదియే. మంచి రోలరు బేరింగులో ఘర్షణ గుణకము 0.002 ప్రాంతమున ఉండును. అనగా దానిపై 300 కిలోగ్రాముల భారమున్నను, దొర్లు తలముల కడ ఎదురగు నిరోధము ఒక కిలోగ్రాము బరువునకు తక్కువే.

ఈ ఉపాయమును బండి ఇరుసునకు వర్తింపజేసి, వేల్సు దేశములోని కార్మార్థెన్ వాసి ఫిలిప్ వాన్ 1794లో పేటెంటు పొందెను. ఉక్కు గుండ్లను సమానముగా అరగదీయు యంత్రమును జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫిషర్ 1883లో నిర్మించెను. అమెరికాలో బండ్ల తయారీదారుడైన హెన్రీ టిమ్కెన్ 1898లో ఏటవాలు రోలరు బేరింగునకు పేటెంటు పొందెను. పాత కార్ల ముందు చక్రములలో పెక్కింటికి ఆధారమైనది ఈ మూడవదే.

ఏటవాలు ఎందుకు?

2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ వంటి కార్లలో ఇంజను వెనుక చక్రములను త్రిప్పును. ముందు చక్రములు ఇరుసు మొనపై స్వేచ్ఛగా తిరుగును. తిన్నని దారిలో వానిపై కారు బరువు నిలువుగా పడును. మలుపు తిరుగునపుడు ప్రక్కకు త్రోయు బలము కూడ తోడగును. తిన్నని రోలరు నిలువు భారమునే చక్కగా మోయును. శంఖువు నుండి కోసిన ముక్క వంటి ఏటవాలు రోలరు రెండింటిని మోయగలదు. అందుచే ఇట్టి నిర్మాణము గల కార్లలో తరచుగా రెండు ఏటవాలు బేరింగులను ఎదురెదురు దిక్కులకు ఒగ్గి బిగింతురు. లోపలిది పెద్దది, వెలుపలిది చిన్నది.

ప్రతి బేరింగునకును ఇరుసుపై కూర్చుండు లోపలి వలయము, చక్రపు హబ్బులో బిగించిన వెలుపలి వలయము, నడుమ రోలర్లు, ఆ రోలర్లను ఒకదాని నొకటి రాచుకొనకుండ ఉంచు పంజరము ఉండును. మెకానిక్కులు లోపలి దానిని కోను అనియు, వెలుపలి దానిని కప్పు అనియు పిలుతురు. చివర నట్టు, అది విప్పుకొనకుండ కాటరు పిన్ను. ఎద్దుబండి ఇరుసు చివర కడచీల చేయు పనిని ఇచ్చట ఇవి చేయును.

ఉక్కునకు అలసట

టైరు వ్యాసము 64 సెంటీమీటర్లైనచో చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. కిలోమీటరునకు చక్రము 500 సార్లు తిరుగును. 50,000 కిలోమీటర్లకు అది రెండున్నర కోట్ల సార్లు. ప్రతి చుట్టులోను రోలర్లు వలయముపై ఒకే త్రోవను నొక్కుచు పోవును. ఒక ఇనుప తీగను పలుమార్లు వంచినచో తుదకు తెగును గదా! అట్లే ఈ నొక్కుళ్ళ వలన ఉపరితలమునకు కొంచెము దిగువన సన్నని పగుళ్ళు పుట్టి, పైకి ప్రాకి, తుదకు లోహపు పెచ్చులు లేచును. ఆ గుంటల మీదుగా రోలర్లు దొర్లుటయే మూలుగునకు కారణము.

భారము రెట్టింపైన బేరింగు ఆయువు సగమగునని తోచును. కాని రోలరు బేరింగు ఆయువు భారము యొక్క మూడింట పది ఘాతమునకు విలోమానుపాతములో ఉండును. కావున రెట్టింపు భారము క్రింద ఆయువు పదవ వంతునకు పడిపోవును. ఇది గాక గ్రీజు ఎండిపోవుట, వాననీటిలో నడపినపుడు తడి చేరుట, దుమ్ము చొరబడుట, గోతిలో పడిన దెబ్బకు వలయము నొక్కుకొనుట, నట్టును అతిగా బిగించుట బేరింగును అకాలమున చెరచును.

రోగ నిర్ణయము

మొదట చెవితో పరీక్షింపవలెను. రద్దీ లేని సమతల మార్గమున మితమైన వేగముతో పోవుచు గేరును న్యూట్రలులో ఉంచవలెను. ఇంజనును మాత్రము ఆపరాదు. ఇంజను వేగము తగ్గినను ధ్వని మారక, కారు వేగముతో పాటు హెచ్చుతగ్గులైనచో దోషము చక్రముల వైపు ఉన్నదని ఊహింపవచ్చును. నున్నని తారు రోడ్డు నుండి గరుకు రోడ్డునకు మారగానే ధ్వని స్వరూపమే మారినచో టైరును శంకింపవలెను. ఎడమకు తిరుగునపుడు కారు భారము కుడి చక్రములపై హెచ్చును. అప్పుడు మూలుగు పెరిగినచో కుడి బేరింగు అనుమానాస్పదము. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు. కారు ఉక్కు శరీరము ధ్వనిని ఒక మూల నుండి మరియొక మూలకు మోసికొనిపోవును.

తీర్పు చేతికే వదలవలెను. కారును సమతలముపై నిలిపి, వెనుక చక్రములకు అడ్డు పెట్టి, ముందు చక్రమును జాకీతో లేపవలెను. జాకీ ఒక్కదానినే నమ్మరాదు. దృఢమైన స్టాండును తప్పక పెట్టవలెను. చక్రమును పైన, క్రింద రెండు చేతులతో పట్టుకొని ఊపి చూడవలెను. కదలిక స్పష్టముగా ఉన్నచో మరియొకరిచే బ్రేకు త్రొక్కించి తిరిగి ఊపవలెను. బ్రేకు పట్టగానే ఊపు మాయమైనచో దోషము బేరింగులో ఉన్నది. అప్పటికిని ఊగుచున్నచో స్టీరింగు కీళ్ళు అరిగినవని గ్రహింపవలెను. పిదప ఒక చేతిని సస్పెన్షన్ స్ప్రింగుపై ఆనించి రెండవ చేతితో చక్రమును మెల్లగా త్రిప్పవలెను. చెవికి అందని గరుకు కూడ స్ప్రింగు ద్వారా వ్రేళ్ళకు తెలియును. వైద్యుడు నాడి చూచుట వంటిదే ఈ పరీక్ష.

చికిత్స

చక్రపు నట్లను కారు నేలపై ఉండగనే కొంచెము వదులు చేసికొనవలెను. చక్రము తీసిన పిదప దుమ్ము మూత, కాటరు పిన్ను, నట్టు, వాషరు, వెలుపలి బేరింగు వరుసగా వచ్చును. బ్రేకు షూలను వదులు చేసినచో హబ్బు డ్రమ్ముతో సహా బయటికి వచ్చును. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. కావున నోటితో గాని గాలి గొట్టముతో గాని ఊదక, తడిబట్టతో తుడువవలెను.

బేరింగును కిరసనాయిలులో కడిగి ఆరబెట్టి చూడవలెను. పెట్రోలు వాడుట నిప్పుతో చెలగాటము. వలయముపై పెచ్చు లేచిన గుంటలు అలసటకు గుర్తు. రోలర్ల ఎడముతో సరిపడు నొక్కులు దెబ్బకు గుర్తు. నీలి రంగు మితిమీరిన వేడికి, ఎఱ్ఱని మచ్చలు నీటికి సాక్ష్యములు. వీనిలో ఏది కనబడినను బేరింగును మార్చుటయే మార్గము. కోను క్రొత్తది వేసి కప్పు పాతది ఉంచరాదు. పాత గుంట క్రొత్త రోలరును చెరచును.

హబ్బులోని పాత కప్పును ఇత్తడి కడ్డీతో ఈ వైపు ఒకమారు, ఆ వైపు ఒకమారు కొట్టుచు వెడలింపవలెను. క్రొత్తదానిని అట్లే వంకర పోకుండ దింపవలెను. అది అడుగునకు ఆనగానే దెబ్బ శబ్దము గణగణ మాని గట్టిగా వినబడును. చక్రపు బేరింగునకు తగిన గ్రీజును అరచేతిలో ఉంచుకొని, రోలర్ల సందుల గుండ ఆవలి వైపునకు వచ్చు వరకు కూరవలెను. హబ్బు నంతటిని గ్రీజుతో నింపుట మంచిది కాదు. వేడికి అది పొంగి, సీలు దాటి, బ్రేకు లైనింగుపై పడును. పాత సీలును తిరిగి వాడరాదు.

బిగువులోని రహస్యము

ఇక మిగిలినది నట్టు బిగించుట. అనుభవము లేనివారు పొరపడునది ఇచ్చటనే. వదులు ప్రమాదము గనుక బిగువు క్షేమమని వారి భావము. కాని నడకలో బేరింగు వేడెక్కును. 40 మిల్లీమీటర్ల ఉక్కు భాగము 50 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 0.024 మిల్లీమీటరు వ్యాకోచించును. ఇది తలవెండ్రుక మందములో మూడవ వంతు మాత్రమే. అయినను ఆ పాటి చోటు కూడ లేనిచో రోలర్లపై ఒత్తిడి పెరుగును. ఒత్తిడి వలన ఘర్షణ, ఘర్షణ వలన వేడి, వేడి వలన మరింత వ్యాకోచము. ఈ చక్రభ్రమణము బేరింగు బిగిసిపోవుటతో గాని ముగియదు.

అందుచే చక్రమును త్రిప్పుచు నట్టును బిగించి, రోలర్లు సరిగా కూర్చున్న పిదప వదలు చేసి, మరల వ్రేళ్ళతో మాత్రమే బిగింపవలెను. అనేక పాత కార్లకు మిగులవలసిన కదలిక 0.03 నుండి 0.12 మిల్లీమీటరు వరకు ఉండును. అయినను ఆయా కారు మరమ్మతు పుస్తకములోని అంకెయే ప్రమాణము. తుదకు క్రొత్త కాటరు పిన్ను దూర్చి కొనలు వంచవలెను. ఇటీవలి కార్లలో పెక్కింటికి బేరింగు, హబ్బు కలిసిన మూతబడిన భాగము ఉండును. దానికి ఈ సర్దుబాటు లేదు, మొత్తము మార్చవలసినదే.

మరమ్మతు పిదప పది కిలోమీటర్లు నడిపి, రెండు ముందు హబ్బుల కడకు చేయి చేర్చి వేడిని పోల్చి చూడవలెను. ఒకటి మిక్కిలి వేడిగా ఉన్నచో నట్టును, బ్రేకును తిరిగి పరీక్షింపవలెను. తీసివేసిన బేరింగును పారవేయనక్కర లేదు. శుభ్రపరచి పాఠశాలకు ఇచ్చినచో, ఘర్షణను, వ్యాకోచమును, లోహపు అలసటను ఉపాధ్యాయుడు ఒకే వస్తువులో చూపగలడు. దాని గుంటలపై వ్రేలు రాచిన విద్యార్థి ఆ పాఠమును మరువడు.