పిల్లి యెట్లు తిరుగును?

పిల్లిని వెల్లకిల పట్టుకొని విడిచినను అది కాళ్లమీదనే పడునని యెఱుగని బాలుడుండడు. ఎట్లు తిరిగెనో కంటితో చూచినవారు మాత్రము లేరు. ఆ తిరుగుట కన్ను పట్టజాలనంత వేగముగ జరుగును. ఈ చిక్కును ఫ్రాన్సు దేశీయుడొకడు కెమేరాతో విప్పిన తీరును విద్యార్థులకు చెప్పదలచితిమి.

ఆయన ఎటియెన్ జూల్ మారే (1830–1904) యను శరీరశాస్త్రజ్ఞుడు. 1882లో తుపాకి యాకారముగల కెమేరాను నిర్మించెను. గుండునకు బదులు దానిలో తిరుగు గాజుపలక యుండును; మీట నొక్కినచో సెకనునకు 12 బొమ్మలు పడును. పిమ్మట నల్లని దుస్తులు తొడిగిన మనుష్యుని చేతులవెంబడి, కాళ్లవెంబడి తెల్లని గీతలు దీర్చి, నల్లని తెర యెదుట నడపించి, ఒకే పలకపై వరుసగా బొమ్మలు తీసెను. మనుష్యుడు మాయమై గీతలే మిగిలెను. జ్యామితి పుస్తకములోని పటమే లేచి నడచినట్లుండును. ఆయన చిత్రములలో మా కన్నిటికన్న నచ్చినవి యివియే. కన్ను చూచుచున్న దానినే మరల చూపు చలనచిత్రముపై నాయనకు మక్కువ తక్కువ.

ఇక పిల్లి. 1894లో మారే దానిని వెల్లకిల విడిపించి, సెకనునకు సుమారు 60 బొమ్మలు తీసి, ప్యారిస్ విజ్ఞానపరిషత్తు నెదుట నుంచెను. పండితులు కలవరపడిరి. తిరుగుడు లేని వస్తువు ఆధారము లేక గాలిలో తనంతట తిరుగజాలదనియు, పిల్లి పట్టుకొన్న చేతిని తన్నియే తిరుగుడు సంపాదించుననియు వారి నమ్మకము. మేమును పెక్కేండ్లు తరగతిలో నట్లే చెప్పితిమి. ఆ చిత్రములు చూచినపిదపగాని మా తప్పు మాకు తెలియలేదు. మొదటి బొమ్మలలో పిల్లి యేమాత్రమును తిరుగుటలేదు!

మఱి నియమము తప్పెనా? తప్పలేదు. పిల్లి కట్టె కాదు, నడుము మెలితిరుగునది. పరిషత్తులోని గియూ యను గణితవేత్త దీనిని వివరించెను. మొదట పిల్లి ముందుకాళ్లు ముడిచి, వెనుకకాళ్లు చాచును. ముడిచిన భాగమును త్రిప్పుట సులభము, చాచిన భాగమును త్రిప్పుట కష్టము. కావున ముందుభాగ మొకవైపు చాల దూరము తిరుగగా, వెనుకభాగము ఎదురువైపునకు కొంచెమే తిరుగును. తరువాత ముందుకాళ్లు చాచి, వెనుకవి ముడిచి, వెనుకభాగమును త్రిప్పుకొనును. ఒక్కొక్క భాగపు వేగమును దానిని త్రిప్పుటలోని కష్టముతో గుణించి, ఎదురు దిక్కును ఋణముగ నెంచి కూడినచో, పతనమంతటను సున్నయే వచ్చును. అయినను పిల్లి తిరిగినది.

సులభముగ తిరుగు కుర్చీ దొరికినవారు కాళ్లు నేలకు తగులనీయక కూర్చుండి, చేతులు చాచి యొకవైపు త్రిప్పి, పిదప ముడుచుకొని వెనుకకు తెచ్చి చూడుడు. కుర్చీ ఎదురువైపునకు కొంత జరిగియుండును. పిల్లిని మాత్రము మేడమీదికి కొనిపోవలదు.