రాజుగారు సరే... రసాల ధరెంత?

ఏ సత్రంలో భోజనం బాగుంటుందో అందులో రాసి ఉంటుంది. తాళాలు బాగుచేసేవాడి కొట్టు ఏ సందులో ఉందో, ఏ కావలివాడి చేతిలో నాలుగు నాణేలు పెడితే అర్ధరాత్రి కోటతలుపు తెరుచుకుంటుందో, ఏ వడ్డీవ్యాపారికి ఏ పూజారంటే పడదో... అన్నీ ఉంటాయి. వీధులకు పేర్లు, ఇళ్లకు నంబర్లు, చివర్లో మడతపెట్టిన పటం. లేనిదల్లా ఒక్కటే- ఆ నగరం! భూగోళమంతా గాలించినా కనిపించదు.

లేని ఊళ్లకు ఇంత పకడ్బందీగా చిరునామాలు రాసి, అచ్చేసి, అమ్మడం విదేశాల్లో యాభై ఏళ్లుగా సాగుతున్న వ్యాపారం. కొనేవాళ్లు చదువుకుని అటకెక్కించడానికి కొనరు. ఆడుకోవడానికి కొంటారు. ఆ ఊళ్లో ఏళ్ల తరబడి కాపురం ఉంటారు.

మరి అలాంటి ఊరు ఒకటి మన నూజివీడు మామిడితోటల మధ్య వెలిస్తే? సరుకంతా ఇక్కడే ఉంది. కట్టేవాళ్లే కావాలి.

ఒకరు సూత్రధారి... నలుగురు పాత్రధారులు!

'రోల్ ప్లేయింగ్ గేమ్' అంటారు దీన్ని. కంప్యూటర్ అక్కర్లేదు. ఒక బల్ల, చుట్టూ నలుగురైదుగురు మనుషులు, కాగితాలు, పెన్సిళ్లు, పాచికలు ఉంటే చాలు. అందులో ఒకరు సూత్రధారి. మిగిలినవాళ్లు ఒక్కో వేషం కట్టుకుంటారు- ఒకరు సైనికుడు, ఒకరు దొంగ, ఒకరు మంత్రవేత్త. వేషమంటే కిరీటాలూ గదలూ కాదు. అంతా మాటల్లోనే.

'మీరు కోటగుమ్మం ముందుకొచ్చారు. చీకటి పడింది. తలుపు మూసేశారు. లోపల కుక్క మొరుగుతోంది. ఏం చేస్తారు?' అంటాడు సూత్రధారి. ఒకరు గోడ దూకుతానంటారు. ఇంకొకరు పాలమ్మే మనిషినని కావలివాణ్ని నమ్మిస్తానంటారు. గోడ దూకగలిగారా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఈ ఆటలో ఇరవై ముఖాల పాచిక కూడా ఉంటుంది. పెద్ద అంకె పడితే అవతలికి దిగినట్టు, చిన్నది పడితే కుక్క ముందు పడినట్టు. అక్కణ్నుంచి కథ ఎటు పోతుందో సూత్రధారికీ తెలియదు. గెలిచేవాళ్లూ ఓడేవాళ్లూ ఉండరు. ఈ ఆదివారం ఆగినచోట వచ్చే ఆదివారం మొదలుపెడతారు. అంతే.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు మిత్రులు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరుతో మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి అమ్మారు. మొదట అచ్చేసినవి వెయ్యి పెట్టెలే. ఈ తరహా ఆటలన్నిటికీ అదే మూలం. పేరులోనే ఉంది- డంజన్ అంటే నేలమాళిగ. భూగర్భంలోకి దిగడం, రాక్షసుల్ని కొట్టడం, నిధులు మోసుకురావడం... అప్పట్లో ఆటలో సింహభాగం ఇదే. అయితే పైకి వచ్చాక చిక్కొచ్చింది. చేతిలో మూట నిండా బంగారం ఉంది. ఎక్కడ ఖర్చుపెట్టాలి? గాయానికి కట్టు ఎవరు కడతారు? విరిగిన కత్తి ఎవరు అతుకుతారు? అందుకో ఊరు కావాలి!

1976లో జడ్జెస్ గిల్డ్ అనే చిన్న సంస్థ ఒక నగరాన్నే అచ్చేసింది. పేరు 'సిటీ స్టేట్ ఆఫ్ ది ఇన్విన్సిబుల్ ఓవర్‌లార్డ్'. పెద్ద పటం, వీధి వీధికీ కొట్లు, కొట్టు కొట్టుకూ యజమాని. రాక్షసుణ్ని చంపడం కన్నా రొట్టెలకొట్టు వాడితో బేరమాడటం తమాషాగా ఉంటుందని ఆటగాళ్లకు అప్పుడే తెలిసొచ్చింది. ఆ తర్వాత ఊళ్లకు ఊళ్లు లేచాయి. కెనడాలో గ్రంథాలయ ఉద్యోగి ఎడ్ గ్రీన్‌వుడ్ ఊహించిన 'వాటర్‌డీప్' రేవుపట్నాన్ని ముసుగులు వేసుకున్న ప్రభువులు ఏలతారు. పక్కింటాయనే పాలకుడు కావచ్చు, ఎవరికి తెలుసు! 1994లో వచ్చిన 'సిజిల్' బండిచక్రంలా గుండ్రంగా తిరిగిన నగరం. అక్కడ ఏ కిటికీ అయినా మరో లోకానికి దారి కావచ్చు. మాంటీ కుక్ అనే ఆయన తన ఇంట్లో మిత్రులతో ఆడుకోవడానికి కట్టుకున్న 'టోలస్' 2006లో పుస్తకమైంది. ఎన్ని పేజీలనుకున్నారు... 672!

2017 నాటి 'బ్లేడ్స్ ఇన్ ది డార్క్' అనే ఆటలోని 'డస్క్‌వాల్' వీటన్నిటికన్నా తెలివైన ఊరు. దాన్ని కట్టినవాడు జాన్ హార్పర్. అక్కడ సూర్యుడు చచ్చిపోయాడు. ఊరి చుట్టూ దెయ్యాలు. వాటిని ఆపేందుకు మెరుపుల కంచె వేశారు. ఆ కంచెకు ఇంధనం ఎక్కణ్నుంచి? సముద్రంలో భూతాల్లాంటి జలచరాలను వేటాడి తెచ్చే నెత్తురు నుంచి. ఆ ఓడలున్నవాడే ఊళ్లో మొనగాడు. ఎండే లేకపోతే మరి తిండి? పుట్టగొడుగులూ పాముల్లాంటి చేపలూ. చదువుతుంటే నమ్మబుద్ధేస్తుంది. ఎందుకంటే అక్కడ దెయ్యాల లెక్కతో పాటు తిండి లెక్క కూడా తేల్చారు మరి.

కోటలున్నాయి... కొట్లు లేవు!

లేని ఊళ్లు కట్టడం మనకు కొత్తా? వైకుంఠపాళి పటం పరిస్తే చాలు- అట్టడుగు నుంచి పరమపదం దాకా లోకాలకు లోకాలు. నిచ్చెనెక్కి మురిసిపోయేలోపు పెద్దపాము నోట్లో పడి మళ్లీ మొదటికి రావడం అందరికీ అనుభవమే. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు- తోకచుక్క, కంచుకోట, పాతాళదుర్గం, మాయాసరోవరం- చదివి ఆ అడవుల్లో తిరగని పిల్లలు ఒక తరంలో లేరేమో. ఆ కోటలకూ శిథిలాలకూ 'చిత్రా' వేసిన బొమ్మలు చూసి రాత్రి దీపం ఆర్పడానికి భయపడినవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు.

ఇక 1957 నాటి 'మాయాబజార్'లో ద్వారక! గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వంలో స్టూడియో అంతస్తు మీద బుల్లి ఇళ్లతో ఊరే కట్టి, ఇంటింటికీ దీపం పెట్టారు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా పట్టాక అది నిజం ద్వారక కాదంటే నమ్మేదెవరు? 2015లో 'బాహుబలి' మాహిష్మతి వచ్చింది. సాబు సిరిల్ వేసిన సెట్లు చూడటానికి జనం రామోజీ ఫిలింసిటీకి బారులు తీరారు.

అయితే చిన్న సందేహం. మాహిష్మతిలో బియ్యం ఎక్కడ పండుతాయి? అంత పెద్ద విగ్రహాన్ని లేపిన కూలీలు రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటారు? సినిమాకు ఆ లెక్కలు అక్కర్లేదు, సింహాసనం చాలు. ఆట అలా కాదు. బల్ల ముందు కూర్చున్న పదేళ్ల పిల్ల 'నేను సింహాసనం దగ్గరికి వెళ్లను. సంతకి వెళ్తా, అక్కడేం అమ్ముతున్నారు?' అని అడుగుతుంది. సూత్రధారి దగ్గర జవాబుండాలి. మన ఊహానగరాలన్నీ రాజుగారి చుట్టూ తిరుగుతాయి. ఆటకు కావాల్సింది సంత చుట్టూ తిరిగే ఊరు.

పూత నిలిస్తే... కథే కథ!

అలాంటి ఊరికి నమూనా కావాలంటే నూజివీడు పొలిమేరలో నిలబడితే చాలు. 2022 దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత ఏలూరు జిల్లా. జిల్లా మారినా మామిడికి ఆ పేరు పోలేదు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కొత్తపల్లి కొబ్బరి, సువర్ణరేఖ, తోతాపురిని ఇక్కడివాళ్లు ముద్దుగా పిలుచుకునే 'కలెక్టరు'... ఒక్కో కాయదీ ఒక్కో దారి. రసాలు దూరప్రయాణానికి ఓర్చుకోవు. దగ్గరివాళ్లకే ఆ భాగ్యం. బంగినపల్లి లారీలెక్కి ఉత్తరాదికి పోతుంది. కలెక్టరు గుజ్జుగా మారుతుంది.

ఇక్కడి వ్యాపారంలో ఉన్న నాటకీయత ఏ మాంత్రికుడి కథలోనూ దొరకదు. చాలామంది రైతులు కాయ కోసేదాకా ఆగరు. చెట్టు పూత మీదో పిందె మీదో ఉండగానే తోటను వ్యాపారికి గుత్తకిచ్చేస్తారు. అంటే, ఇంకా పుట్టని కాయకు ధర కట్టాలి! మంచు ఎక్కువైతే పూత మాడుతుంది. పురుగు పడితే రాలుతుంది. అన్నీ దాటి కాయ బరువెక్కాక ఒక్క సాయంత్రం ఈదురుగాలి చాలు- తెల్లారేసరికి చెట్టుకింద చాప పరిచినట్టు కాయలు. ఒప్పుకున్న డబ్బు ఇవ్వాలా, తగ్గించాలా? ఆ పంచాయితీ చెట్టుకింద మొదలై ఎక్కడ తేలుతుందో! ఇది ఆటకాకపోతే మరేమిటి? పాచికలు వేసేది మాత్రం ఆకాశం.

మనుషులకూ కొదవలేదు. తోటలో పాక వేసుకుని రాత్రంతా మేలుకునే కావలివాడు. ఎవరు ఎప్పుడు ఏ దారిన పోయారో అతనికి తెలిసినంత ఏ గూఢచారికీ తెలియదు. దోటికి చిక్కం కట్టి సొన కారకుండా కాయ దించే కూలీ. గడ్డిలో మాగేసిన కాయను వాసన చూసి రేపటికా ఎల్లుండికా అని చెప్పే పెద్దావిడ- ఆటలో ఆమెను మంత్రగత్తెను చేసినా తప్పులేదు. పనసచెక్క తొలిచి వీణ చేసే కళాకారులు ఉన్నారు. నూజివీడు వీణ అంటే సంగీతం తెలిసినవాళ్లు తల తిప్పి చూస్తారు.

కోట సంగతి సరేసరి. నూజివీడు మేకా వంశీకుల సంస్థానం. ఎస్టేటు పెద్దకొడుకు ఒక్కడికే దక్కాలా, అన్నదమ్ములందరికీ పంచాలా అన్న దావా పంతొమ్మిదో శతాబ్దంలో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. పంచాల్సిందేనని తేలింది. ఒకే కోట, అన్నదమ్ముల వాటాలు, దస్తావేజులు... వాటర్‌డీప్ ముసుగు ప్రభువులు ఇంతకన్నా ఏం చేశారు? ఇక ఊరి చివర 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెపల్లె నుంచి ఏరిన పిల్లలు ఏళ్లపాటు అక్కడే ఉండి చదువుకుంటారు. ఆటలో అది మంత్రవిద్యాపీఠం కాక ఇంకేమవుతుంది!

ఆట బొమ్మలంటారా? విదేశాల్లో లోహపు, ప్లాస్టిక్ బొమ్మలు వాడతారు. వాటికి ఖర్చెక్కువ. ఈ పక్కనే కొండపల్లి. తెల్లపొణికి చెక్కతో చేసిన ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, అంబారీ ఏనుగు... బొమ్మలకొలువు పెట్టే ఇంట్లో పెట్టె తెరిస్తే సగం ఊరు సిద్ధం. కొలువులో కింద మట్టి పోసి, ధాన్యం మొలకెత్తించి, చెరువుకు అద్దంముక్క పెట్టి ఊరు కట్టిన అమ్మాయిలకు ఈ ఆట ఎవరూ నేర్పక్కర్లేదు. అప్పుడు ఆ ఊళ్లో బొమ్మలు కదలలేదు, మాట్లాడలేదు. అదొక్కటే తేడా.

తాతగారే గ్రంథాలయం

తల్లిదండ్రుల భయం తల్లిదండ్రులది. 1980లలో అమెరికాలోనూ ఈ ఆట పిల్లల్ని క్షుద్రపూజల్లోకి లాగుతోందని పెద్ద గోలే జరిగింది. ఆ భయానికి ఆధారాలు దొరకలేదు. గోల సద్దుమణిగింది. అప్పుడు ఆడిన పిల్లలే ఇప్పుడు తమ పిల్లలతో కూర్చుని ఆడుతున్నారు. కావాలంటే ఒక్కసారి పక్కన కూర్చుని వినండి. పిల్లలు ఒకరి మాట అయ్యేదాకా ఇంకొకరు ఆగుతారు. కూడికలు వేస్తారు. వాదిస్తారు. ఫోను పక్కన పడి ఉంటుంది. పరీక్షల ముందు వద్దనండి, వేసవిలో మాత్రం అడ్డుపడకండి.

మన నేపథ్యం ఈ ఆటకు నప్పుతుందా అన్న అనుమానమూ అక్కర్లేదు. 2022లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' సంస్థ వేసిన 'జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్' అనే పుస్తకంలో కోల్‌కతాకు చెందిన రచయిత్రి మిమి మండల్ బెంగాల్ ఛాయలతో ఒక సీమను సృష్టించారు. నదులూ మంచుతెరలూ ఆమె ఊరివి. రసాలూ ఈదురుగాలులూ మనవి.

పైగా ఇప్పుడు కట్టకపోతే కొంత సరుకు పోతుంది. ఈ ప్రాంతంలో కొన్నిచోట్ల మామిడి తీసేసి ఆయిల్‌పామ్ వేశారు, కొన్నిచోట్ల తోటలు ప్లాట్లయ్యాయి. చెట్టు పోతే తోట పేరు ఎన్నాళ్లుంటుంది? ఏ గట్టు మీద చెట్టు తియ్యగా కాసేదో, ఏ బావి దగ్గర దెయ్యముందని పిల్లల్ని భయపెట్టేవారో తాతలకు తెలుసు, మనవలకు తెలియదు. వట్టినే కూర్చోబెట్టి చెబితే మనవడు వినడు. తన ఆటకు పటం గీసుకోవాల్సి వస్తే మాత్రం పెన్సిలు పట్టుకుని తానే వస్తాడు. 'తాతా, పాత బాటకీ చెరువుకీ మధ్య ఏముండేది?' అని అడుగుతాడు.

మొదలుపెట్టడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. రెండు వందల పేజీల నోటుపుస్తకం, రెండు పాచికలు, లేదంటే గుప్పెడు గవ్వలు. నియమాలు నాలుగైదు చాలు, మిగతావి ఆడుతూ చేర్చుకోవచ్చు. ఊరంతా ఒకేసారి కట్టనక్కర్లేదు. ఒక వీధి, ఒక తోట, ఒకరికొకరికి పడని ఇద్దరు వ్యాపారులు- మొదటి ఆదివారానికి అంతకుమించి అవసరం లేదు. ఒక్కటి మాత్రం ముందే తేల్చుకోవాలి, ఆట ఏ నెలలో మొదలవుతుందన్నది. మాఘమైతే తోటలో పూత, పైన మంచు, వ్యాపారి చేతిలో బయానా డబ్బు. వైశాఖమైతే చెట్టునిండా కాయ, పడమటి నుంచి మబ్బు. జ్యేష్ఠం దాటిందా, కాయ అయిపోతుంది, కావలివాడు పాక విప్పుకుని వెళ్లిపోతాడు. అక్కణ్నుంచి కథ కోటలోకి మారుతుంది.