ఇటుక ఒక్కంటికి అయిదు డాలర్లు

మనుషులకే కాదు, ఇళ్ళకూ జాతకాలుంటాయి కాబోలు! అమెరికాలో పడమటి దిక్కున ఉన్న ఓరెగాన్ రాష్ట్రంలో యూజీన్ అనే ఊరుంది. 1876లో తెరిచిన విశ్వవిద్యాలయం వల్ల ఆ ఊరికి పేరొచ్చింది. అక్కడి ఒక ఇంటి కథ ఇది.

అమెరికా కాలేజీల్లో ఫ్రెటర్నిటీలనే విద్యార్థి సంఘాలున్నాయి. చాలావాటికి గ్రీకు అక్షరాలే పేర్లు. పాతవారు ఒప్పుకుంటేనే కొత్తవాడికి ప్రవేశం. సభ్యులు ఒకే ఇంట కలిసి ఉంటారు. చూడబోతే మన హాస్టళ్ళవంటివే గాని, వార్డెనుగారి భయం తక్కువ!

మన కథలోని ఇల్లు మొదట ప్యాటర్సన్ అనే డాక్టరుగారి నివాసం. 1959 ప్రాంతంలో ఒక ఫ్రెటర్నిటీ చేతికి వచ్చింది. 1967తో కుర్రాళ్ళ సందడి ముగిసింది. తర్వాత ఇల్లు పాడుబడింది. ముందు వసారా ఊడిపోయింది. పచ్చిక ఉన్నచోట కంకర పోసి కార్లు నిలిపారు. కొన్నాళ్ళకు ఒక ధర్మసంస్థ ఆధీనంలో, జైలునుంచి వచ్చినవారు మళ్ళీ లోకంలో నిలదొక్కుకునేదాకా తలదాచుకునే చోటైంది.

ఇంతలో 1977లో సినిమావాళ్ళు వచ్చారు. 'యానిమల్ హౌస్' అనే హాస్యచిత్రానికి ఒక కాలేజీ కావాలి. కథ చూసి మిగతా కాలేజీలు తలుపులు మూసుకున్నాయి. ఓరెగాన్ అధ్యక్షుడు విలియం బాయిడ్ మాత్రం సరేనన్నాడు. పూర్వం కాలిఫోర్నియాలో పనిచేసేటప్పుడు 'ది గ్రాడ్యుయేట్' చిత్రానికి అనుమతి ఇవ్వలేదనే విచారం ఆయనలో ఉండిపోయిందట. నెలరోజుల్లో ముగించాలి, విశ్వవిద్యాలయం పేరు కనబడరాదు అని షరతులు పెట్టి, తన ఆఫీసుగది కూడా ఇచ్చాడు.

అల్లరి కుర్రాళ్ళ నివాసంగా ఈ పాడుబడ్డ ఇంటినే బయటినుంచి చూపించారు. లోపలి దృశ్యాలు వేరొక ఫ్రెటర్నిటీ ఇంట్లో తీశారు. సుమారు 30 లక్షల డాలర్లతో తీసిన ఆ చిత్రం 1978లో విడుదలై, 14 కోట్లకు పైగా వసూలు చేసింది.

ఇల్లు లోకప్రసిద్ధమైంది. కాని కీర్తి కప్పు కారకుండా ఆపలేదు. 1986లో కూల్చేశారు. ఇటుకలు ఒక్కొక్కటి అయిదేసి డాలర్లకు అమ్ముడుపోయాయి!

కొన్నవారిని తప్పుపట్టను. ఇష్టమైన సినిమా గుర్తు ఎవరికి చేదు? కాని ఆ గోడలు చేసిన నిజమైన మేలు, దిక్కులేనివారికి నీడనిచ్చిన ఆ కొద్ది సంవత్సరాలేనని నాకనిపిస్తుంది. ఆ సంగతి తలచుకుని ఇటుక కొన్నవారు ఎందరుంటారు? మన ఊళ్ళలోనూ ఎందరో బీదపిల్లలకు నీడనిచ్చి చదివించిన పాత వసతిగృహాలున్నాయి. వాటిని తలచుకోవడానికి సినిమావాళ్ళు వచ్చేదాకా ఆగనక్కరలేదు. కప్పు నిలిచి ఉండగానే ఒకసారి వెళ్ళి చూద్దాం.