దురదకి డీబగ్గింగ్

టెక్నాలజీ శీర్షికలో కుక్కల, పిల్లుల గోల ఏమిటనుకోకండి. అవి రాత్రంతా గోక్కుంటుంటే వెట్ దగ్గరికి తీసుకెళ్తాం కదా, అక్కడ చేసే పరీక్షల వరస చూస్తే నాకు అచ్చం మన డీబగ్గింగే అనిపిస్తుంది. దురద ఎర్రర్ మెసేజి మాత్రమే. అదే మెసేజి పది చోట్ల నించి రావచ్చు.

మొదట చూసేది ఫ్లీలని. కనపడలేదని లేవనుకోకూడదు, ముఖ్యంగా పిల్లి ఒళ్ళు నాక్కుంటూ వాటిని మింగేస్తుంది. సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి కాగితం మీద వెయ్యండి. తుప్పురంగు మరక వచ్చిందంటే అది ఫ్లీ తాగి విసర్జించిన రక్తం. తరవాత మైక్రోస్కోపు. చర్మాన్ని బ్లేడుతో గీరి చూస్తే డెమొడెక్స్ పురుగు దొరుకుతుంది. గజ్జి తెచ్చే సార్కోప్టిస్ మాత్రం ఉన్నా చాలాసార్లు దొరకదు, అందుకే అనుమానం ఉంటే మందు వేసి చూస్తారు. టేపు అంటించి తీసి రంగు వేస్తే బాక్టీరియా, ఈస్టు బయటపడతాయి. తామరకి ఫంగల్ కల్చర్ చేస్తారు. గజ్జీ, తామరా మనుషులకీ అంటుకుంటాయి, ఇంట్లో పసిపిల్లలుంటే ఆలస్యం చెయ్యకండి.

ఇవేవీ కాకపోతే తిండి మీద అనుమానం. రక్తంతో, ఉమ్మితో తేల్చేస్తామనే కిట్లు అమ్ముతారు గానీ ఆహార ఎలర్జీకి వాటిని నమ్మలేం. ఉన్న దారి ఒకటే: ప్రోటీన్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టిన హైడ్రొలైజ్డ్ ఆహారం గానీ, ఆ జంతువు ఎప్పుడూ తినని మాంసం గానీ కనీసం 8 వారాలు పెట్టాలి. ఇంకేదీ పెట్టకూడదు. ఇండియా నించి వచ్చిన అమ్మమ్మగారు "పాపం, నోరులేని జీవి" అంటూ బల్ల కింద ఓ పెరుగన్నం ముద్ద పెట్టారా, పరీక్ష పోయినట్టే! దురద తగ్గాక పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి. తిరిగొస్తేనే తిండి దోషి. బగ్‌ని రీప్రొడ్యూస్ చెయ్యకుండా టికెట్ మూసేస్తే మన మేనేజర్ ఊరుకుంటాడా?

అన్నీ పోగా మిగిలేది ఎటోపిక్ డెర్మటైటిస్. అంటే పుప్పొడి, ఇంటి దుమ్ములోని మైట్లు లాంటివి పడకపోవడం. ఇది ఉందని తేల్చే పరీక్ష ఏదీ లేదు. ఎలర్జీ టెస్టు చేసేది రోగమేదో తేలాకే, ఇమ్యునోథెరపీ మందులో ఏమేం కలపాలో తెలుసుకోడానికి. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

ఇక మందులు. 2013లో ఎఫ్‌డీఏ ఆమోదించిన ఎపోక్వెల్ మాత్ర జేనస్ కైనేజ్ ఎంజైముల్ని అడ్డుకుంటుంది. 2016లో లైసెన్సు పొందిన సైటోపాయింట్ ఇంజెక్షను, ఇంటర్‌ల్యూకిన్-31 అనే దురద సంకేతాన్ని దారిలోనే పట్టేసే యాంటీబాడీ. రెండూ కుక్కల కోసం ఆమోదించినవే. కుక్కకీ, ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టిస్తాయి, కాదనను. కాకపోతే ఫ్లీలో, గజ్జో అలాగే ఉండగా వీటితోనే సరిపెడితే అది ఎలర్ట్‌ని మ్యూట్ చెయ్యడమే.

ఒక్క విషయంలో మాత్రం సొంత ప్రయోగాలు వద్దు. కుక్కల మెడ మీద వేసే కొన్ని ఫ్లీ చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి విషం. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం కూడా పోవచ్చు. రెండూ ఉన్న ఇంట్లో, మందు వేసిన కుక్క పక్కన పిల్లి పడుకున్నా ప్రమాదమే. పొరపాటున తగిలితే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీ వెట్‌కి గానీ, 24 గంటలూ పనిచేసే ఏఎస్‌పీసీఏ పాయిజన్ కంట్రోల్‌కి గానీ ఫోన్ చెయ్యండి.