మీకు తెలుసా? ఈ ట్రక్కులో బాడీకి ప్లస్!

1953-55 మోడల్ ఫోర్డ్ ఎఫ్-100 ట్రక్కుల్లో ఛాసిస్‌కు ఎర్త్ చేసేది బ్యాటరీ మైనస్‌ను కాదు, ప్లస్‌ను! పైగా అది 6 వోల్టుల బ్యాటరీ. 12 వోల్టులు, మైనస్ ఎర్త్ 1956 మోడల్‌తోనే వచ్చాయి.

పాత బండిని బాగుచేసేవాళ్లు చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అలవాటు కొద్దీ మైనస్‌ను బాడీకి బిగించేస్తారు. చిత్రమేమిటంటే లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ మోటారు కూడా ఎప్పటివైపే తిరుగుతుంది. దాని ఫీల్డ్‌లోనూ ఆర్మేచర్‌లోనూ కరెంటు దిశ ఒకేసారి మారిపోతుంది కదా! ఆమీటరు ముల్లు మాత్రం తిరగేసి చూపిస్తుంది, ఇగ్నిషన్ కాయిల్ ఇచ్చే స్పార్క్ బలహీనపడుతుంది. మధ్యలో ఎవరైనా డైనమో తీసేసి ప్లస్ ఎర్త్‌కు సరిపోయే ఆల్టర్నేటర్ పెట్టి ఉంటే ఇక చెప్పక్కర్లేదు, దానిలోని డయోడ్లు చూస్తుండగానే కాలిపోతాయి.

వైర్ల లావు సంగతి వేరు. 60 వాట్ల లోడుకు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు చాలు, 6 వోల్టుల మీద 10 కావాలి. అందుకే ఆ బండ్లలో వైర్లు అంత లావు. చేతికి దొరికిన సన్న వైరు లాగితే అది వేడెక్కుతుంది, హెడ్‌లైట్లు మసకబారతాయి.

వైరు సరైనదే వేసినా లైట్లు మసగ్గానే ఉన్నాయా? బల్బును తిట్టకండి. ముచ్చటపడి వేయించిన కొత్త పెయింటే ఎర్త్‌ను అడ్డుకుంటూ ఉండొచ్చు. ఎర్త్ బోల్టు విప్పి, దాని కింద ఇనుము తళతళలాడేదాకా ఎమిరీ పేపరుతో రుద్ది మళ్లీ బిగించండి.