విద్యుత్ కార్లొస్తే.. లెక్కలు మారాల్సిందే!

విశాఖపట్నం: విద్యుత్ కార్ల వాడకం పెరిగితే మారేది వాహనదారుల ఖర్చు ఒక్కటే కాదు. దేశ ఆదాయ వ్యయాల లెక్కలూ మారతాయి. ముడిచమురు ఓడలు వచ్చే విశాఖకు ఈ మార్పు దగ్గరి విషయమే.

దేశానికి అవసరమైన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నాం. పెట్రోలు వాడకం తగ్గితే ఆ మేరకు విదేశీ మారకద్రవ్యం మిగులుతుంది. అయితే బ్యాటరీల్లో అమర్చే లిథియం సెల్స్‌లో అధిక భాగం చైనా నుంచే వస్తున్నాయి. వాటిని ఇక్కడే తయారు చేసుకోకుంటే చమురుకు మిగిల్చిన డాలర్లు బ్యాటరీలకు పోతాయి.

రాష్ట్ర ఖజానాది మరో చిక్కు. పెట్రోలు, డీజిల్ జీఎస్టీ పరిధిలో లేవు. వాటిపై వ్యాట్‌ను రాష్ట్రమే వసూలు చేసుకుంటుంది. విద్యుత్ కార్లపై జీఎస్టీ 5 శాతమే. అందులోనూ కేంద్రానికి వాటా ఉంటుంది. తగ్గిన ఆదాయాన్ని వేరే మార్గంలో పూడ్చుకోక తప్పదు.

1957లో కాల్టెక్స్ ప్రారంభించిన విశాఖ రిఫైనరీ నేడు హెచ్‌పీసీఎల్ చేతిలో ఉంది. దాని సామర్థ్యాన్ని ఏడాదికి 83.3 లక్షల టన్నుల నుంచి 1.5 కోట్ల టన్నులకు విస్తరించారు. లారీల డీజిల్, వంటగ్యాస్, తారు కూడా అక్కడ తయారవుతున్నందున కార్లు మారినంత మాత్రాన దాని పని ఆగిపోదు. ఉక్కు కర్మాగారం ప్రధానంగా తయారుచేసేది కడ్డీలు, తీగచుట్టలే తప్ప కార్లకు వాడే పలుచని రేకులు కాదు.

ముందుగా దెబ్బ తగిలేది చిన్న షెడ్లకే. విద్యుత్ కారులో ఇంజిన్ ఆయిల్, క్లచ్, సైలెన్సర్ ఉండవు. వాటి మరమ్మతులపై బతికే మెకానిక్‌లకు బ్యాటరీ, మోటారు పనుల్లో ఇప్పటినుంచే శిక్షణ ఇవ్వడం అవసరం.