నానో కారు ఆటోలా ఎందుకు మోగుతుంది?

పక్కింటి పాప అడిగింది: "మామయ్యా, నానో కూడా కారే కదా, మరి కళ్లు మూసుకుని వింటే ఆటో వచ్చినట్టు ఎందుకుంటుంది?" పాప చెవి పొరబడలేదు. ఆ రెండు చప్పుళ్లకూ నిజంగానే చుట్టరికం ఉంది.

ఇంజనులో సిలిండరు అనే గుండ్రటి గొట్టం, అందులో పైకీ కిందికీ ఆడే పిస్టను ఉంటాయి. పిస్టను ఒకసారి దిగుతూ గాలినీ పెట్రోలునూ లోపలికి పీల్చుకుంటుంది. ఎక్కుతూ దాన్ని గట్టిగా నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే ఆ మిశ్రమం భగ్గున మండి పిస్టన్ను కిందికి తన్నేస్తుంది. మళ్లీ ఎక్కుతూ పిస్టను పొగను బయటికి నెడుతుంది. ఈ నాలుగు పనులూ అయ్యేసరికి కింద ఉన్న క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. బలం పుట్టింది మాత్రం ఒక్కసారే. మిగతా ఒకటిన్నర చుట్టూ ఆ తన్నుతో వచ్చిన ఊపు మీదే తిరగాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. సిగ్నలు దగ్గర ఆగిన బండి ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకు 15 చుట్లు. నాలుగు సిలిండర్లుంటే సెకనుకు 30 తన్నులు పడతాయి. మూడుంటే ఇరవై రెండు, ఇరవై మూడు. రెండే ఉంటే 15. ఒక్కటే ఉంటే ఏడెనిమిది. మన చెవికి ఒక హద్దు ఉంది: సెకనుకు సుమారు 20 దాటిన దెబ్బలు ఒకదాన్నొకటి అంటుకుపోయి ఒకే ధ్వనిగా వినిపిస్తాయి, అంతకన్నా తక్కువైతే దేనికది విడిగా తెలుస్తుంది. రోట్లో ఒక్కరే దంచుతుంటే పోటుకూ పోటుకూ మధ్య ఎడం తెలుస్తుంది, ముగ్గురు వంతులేసుకుని దంచితే ఆ ఎడం పూడిపోతుంది. మామూలు ఆటోలో ఒకటే సిలిండరు. 2009లో వచ్చిన నానోలో రెండు, రెండూ కలిపి 624 సీసీ. రెండు బళ్లూ ఆగి ఉన్నప్పుడు ఆ హద్దుకు కిందే మోగుతాయి. పాపకు వినిపించింది అదే.

అయితే రెండే ఎందుకు పెట్టారు? లక్ష రూపాయల కారు కాబట్టి అని చాలామంది అంటారు. ఖర్చు సంగతి నిజమే, కానీ అదొక్కటే కారణం కాదు. ఆ 624 సీసీని నాలుగుగా పంచితే ఒక్కోటీ 156 సీసీ అవుతుంది. అంత చిన్న సిలిండర్లలో మంట పరిమాణంతో పోలిస్తే చుట్టూ గోడ ఎక్కువ. వేడి ఆ గోడల్లోకి పోతుంది. రాసుకునే పిస్టన్లూ రింగులూ ఎక్కువవుతాయి. రెండుగా పంచితే ఆ నష్టం తగ్గి మైలేజీ మిగులుతుంది.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. రెండు పిస్టన్లను ఎలా కదిలించాలి? ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగేలా పెడితే వాటి బరువులు ఒకదానికొకటి చాలావరకు సరిపోతాయి, కానీ తన్నులు సమంగా పడవు: అర చుట్టు తేడాలో రెండు పడి, తర్వాత ఒకటిన్నర చుట్టు ఏమీ ఉండదు. రెండూ కలిసి ఎక్కి కలిసి దిగేలా పెడితే చుట్టుకో తన్ను చక్కగా పడుతుంది, కానీ రెండు పిస్టన్ల బరువూ ఒక్కసారే పైకీ కిందికీ ఊగి ఇంజన్ను ఎగరేస్తుంది. 1957 నాటి ఇటలీ బుల్లి కారు ఫియట్ 500 ఈ రెండో దారే పట్టింది. ఈ కాలపు ఫియట్ ట్విన్ఎయిర్ ఇంజనూ అంతే.

ఆ ఎగురుడును ఆపే ఉపాయం నాకు చాలా ఇష్టం. క్రాంక్ షాఫ్టుకు పిస్టన్ల ఎదురువైపు ఒక బరువు తగిలిస్తారు. పిస్టన్లు పైకి పోతే అది కిందికి పోతుంది. కానీ పావు చుట్టు తిరిగేసరికి ఆ బరువు పక్కకు లాగుతుంది, ఇంజను పక్కలకు ఊగుతుంది. అందుకని సగం బరువే క్రాంకుకు ఉంచి, మిగతా సగాన్ని అదే వేగంతో ఎదురు దిశలో తిరిగే మరో కడ్డీకి ఇస్తారు. పిస్టన్లు పైకి వెళ్లినప్పుడు రెండు బరువులూ కిందికి లాగుతాయి. పక్కకు వచ్చినప్పుడు ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ లాగి సరిపెట్టుకుంటాయి. దీన్ని బ్యాలెన్స్ షాఫ్ట్ అంటారు. నానోలోనూ ఒకటి ఉంది. అంత తక్కువ ధరలో చెయ్యాల్సి వచ్చినా దాన్ని తీసెయ్యకపోవడం ఆ ఇంజనీర్ల పట్ల గౌరవం పెంచుతుంది.

ఫ్రాన్సులో 1948లో చూపించిన సిట్రోయెన్ 2సీవీ అయితే ఆ షాఫ్టు అవసరమే లేకుండా చేసుకుంది. దాని రెండు సిలిండర్లూ ఎదురెదురుగా పడుకుని ఉంటాయి. పిస్టన్లు రెండూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి వస్తాయి కాబట్టి ఒకదాని ఊపును ఒకటి కొట్టేస్తుంది. 375 సీసీతో మొదలైన ఆ కారు 1990 దాకా తయారైంది. ఆ ఇంజను అడ్డంగా చోటు తింటుంది, అందుకే అందరూ ఆ దారి పట్టలేదు.

మరి బ్యాలెన్స్ షాఫ్ట్ ఉన్నా నానో సిగ్నలు దగ్గర ఎందుకు వణుకుతుంది? అది పిస్టన్ల బరువునే సరిచేస్తుంది, మంట తన్నును కాదు. తన్ను పడ్డ ప్రతిసారీ ఇంజను మొత్తం కాస్త మెలితిరుగుతుంది. దాన్ని మోసే రబ్బరు దిమ్మలు వేగంగా వచ్చే కుదుపులను బాగా మింగుతాయి, నెమ్మదిగా వచ్చేవాటిని బాడీకి దాటించేస్తాయి. అద్దంలో వెనక బండి బొమ్మ అదరడం, డోర్ అరలో నీళ్ల సీసా గలగలమనడం అందుకే. యాక్సిలేటరు కాస్త తొక్కితే అద్దం కుదురుకుంటుంది.

నానో సొంతదారుల మాటలు రెండు తీరులుగా ఉంటాయి. ఇంజను వెనకసీటు వెనకే ఉంది, కాబట్టి వెనక కూర్చున్నవాళ్లు మోతంటారు. నడిపేవాళ్లు, ముఖ్యంగా ఇరుకు సందుల్లో తిప్పేవాళ్లు, నాలుగు మీటర్ల వ్యాసార్ధంలో తిరిగిపోతుందనీ లోపల కాళ్లకు చోటుందనీ మెచ్చుకుంటారు. ముందు బానెట్టు ఎత్తితే స్టెప్నీ, పెట్రోలు పోసే మూత కనిపించడం కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. 2015లో మారుతి సెలెరియోకు 793 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను పెట్టినప్పుడూ ఇలాగే జరిగింది. లీటరుకు 27.62 కిలోమీటర్లన్న అధికారిక మైలేజీ ఆకర్షించింది, అదురు చిరాకు పెట్టింది. డీజిల్లో గాలిని ఇంకా గట్టిగా నొక్కుతారు కాబట్టి ఒక్కో తన్నూ ఇంకా బరువుగా పడుతుంది.

ఇలాంటి బండి ఉన్నవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. మొదటినుంచీ ఉన్న వణుకు దాని స్వభావం. నిన్నటిదాకా లేనిది ఈరోజు మొదలైతే, దాంతోపాటు బండి లాగడం తగ్గితే, ఒక ప్లగ్గు సరిగా వెలగడం లేదేమో చూపించండి. నాలుగు సిలిండర్లలో ఒకటి పడుకుంటే పోయేది పావు వంతు బలం, రెండింట్లో ఒకటి పడుకుంటే సగం. లాగడం బాగానే ఉండి అదురు మాత్రమే పెరిగితే, ముందు ఆ రబ్బరు దిమ్మలు చూడమని మెకానిక్కుకు చెప్పండి.